సేవ అందినది

టైపు మాస్టారి ఇంటికీ హైస్కూలు గేటుకీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డు. ఆయన ఖర్మ అక్కడే మొదలైంది. ఊళ్ళో చూపు లేనివాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. ఒకాయన ఇల్లు వంతెన అవతల, ఒకావిడ ఉండేది మూడో అంతస్తులో, మూడో అతని ఇంట్లో కరిచే కుక్క ఉంది. సేవ చెయ్యడానికి అంత దూరం ఎవరు పోతారు? ఇంటర్వెల్లో వెళ్ళి మళ్ళీ గంట కొట్టేలోగా వచ్చెయ్యడానికి వీలైన గుడ్డివాడు మాస్టారొక్కడే. అందుకని స్కూలు ఆయన్ని దత్తత తీసుకుంది. ఆయన్ని అడగలేదు. దత్తత తీసుకునేటప్పుడు పసిపిల్లల్ని ఎవరన్నా అడుగుతారా?

ఈ ఉపాయం హెడ్మాస్టరు గారిది. ఆయన వచ్చి మూడేళ్ళయింది. వచ్చిన వారంలోనే పిల్లలకి చదువు కంటే సమాజం ముఖ్యమని కనిపెట్టి, ఆ మాటని మెట్ల పక్క గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాయించాడు. లెక్కల టీచరు పోస్టు ఏడాదిన్నరగా ఖాళీ. గోడకి మాత్రం ఏటా కొత్త రంగు పడుతుంది. ఆయన పెట్టిన పద్ధతి ప్రకారం పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ ఏడాదిలో నలభై గంటల సమాజ సేవ చెయ్యాలి. దానికో పచ్చ కార్డు. సేవ చేయించుకున్నవాళ్ళు ఆ కార్డు మీద సంతకం పెట్టాలి. ఫోటో కూడా ఉంటే వరండాలో బోర్డు మీదికి ఎక్కుతుంది.

మాస్టారికి సంతకం ఎక్కడ పెట్టాలో కనబడదు. మొదటి నెలలో ఆయన సంతకాలు కార్డులు దాటి పిల్లల చేతుల మీదికీ, ఓసారి హెడ్మాస్టరు గారి తెల్ల చొక్కా మీదికీ పోయాయి. చొక్కా మీద పెట్టింది కావాలనేనని ఆయన చెల్లెలి అనుమానం. దాంతో స్కూలు వాళ్ళు ఆయనకో రబ్బరు స్టాంపు చేయించారు. గుండ్రటి స్టాంపు, మధ్యలో ‘సేవ అందినది’ అని. దాన్ని సభ పెట్టి ఆయన చేతిలో పెట్టి చప్పట్లు కొట్టారు. సేవ అందిందని ఒప్పుకోవడానికి కూడా సభ కావాలా అని ఆయన చెల్లెలితో గొణిగాడు.

ఆ స్టాంపు వచ్చాక చూడాలి తమాషా. పదకొండింటికి ఇంటర్వెల్ కొట్టగానే గుమ్మం ముందు క్యూ. ఆయనకి రోడ్డు అవతల పనేమీ లేదు, అవతల ఉన్నది స్కూలే. అయినా నలుగురు చేరి ఆయన్ని అటు దాటించి ఒక ఫోటో, ఇటు దాటించి ఒక ఫోటో తీసుకునేవాళ్ళు. రెండు దాటింపులూ కలిపి గంట కింద రాసుకునేవాళ్ళు. గుమ్మం పక్క కుండీలో చెల్లెలు ప్రాణంగా పెంచుకున్న మల్లెమొక్క ఒకటుండేది. ఒక్క వారంలో దానికి ఇరవై ఎనిమిది మంది నీళ్ళు పోశారు. అది కుళ్ళి చచ్చింది. చచ్చాక కూడా ఇద్దరు పోసి స్టాంపు వేయించుకున్నారు.

మాస్టారు ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకి వేసేవాడు. ఒకటి అడిగితే రెండు వేసేవాడు.

“ఎందుకన్నయ్యా, అబద్ధానికి స్టాంపు వేస్తావ్?” అని చెల్లెలు నిలదీసేది. పోస్టాఫీసు కౌంటర్లో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది, స్టాంపంటే ఆవిడకి కొంచెం గౌరవం.

“వాళ్ళకి కావలసింది గాడిద గుడ్డు, నా దగ్గరున్నదీ అదే. ఇస్తే నా సొమ్మేం పోయింది?” అనేవాడు.

అందులో ఆయనకి ఒక రకం సరదా ఉండేది. ముప్ఫై ఏళ్ళు ముందుగదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఒక్క అక్షరం తప్పు పడితే పేజీ చింపి మొదట్నుంచి కొట్టించేవాడు. ఆయన చెయ్యి ఎంత బలమంటే, ఫుల్‌స్టాపు కొడితే కాగితానికి చిల్లి పడేది. కళ్ళు మెల్లగా మసకబారి చివరికి పూర్తిగా పోయాక, ఇరవై రెండు మిషన్లలో ఒక్కటి ఉంచుకుని మిగతావి అమ్మేశాడు. అంత కచ్చితంగా బతికినవాడు ఇప్పుడు కనబడని స్టాంపుతో కనబడని కార్డుల మీద అబద్ధాలు ముద్రిస్తూ, ఈ స్కూలుకి ఇంతకంటే మర్యాద అక్కర్లేదని లోపల్లోపల నవ్వుకునేవాడు.

తాళాలాయన కూతురు వచ్చింది ఆ రోజుల్లోనే. బజారు మూల చిన్న బడ్డీలో తాళంచెవులు చేసే అతని ఒక్కగానొక్క పిల్ల, పదో తరగతి. సాయంత్రం అందరూ పోయాక గుమ్మంలో నిలబడి, “మాస్టారూ, మీ తలుపు గొళ్ళెం ఊగుతోంది. బిగించనా?” అంది.

“నువ్వూ స్టాంపు కోసమేనా? కార్డు ఇలా పడెయ్, వేస్తాను. గొళ్ళెం జోలికి పోకు. మీరు ముట్టుకుంటే మొక్కలే బతకడం లేదు,” అన్నాడు ఆయన.

కాసేపు స్క్రూడ్రైవరు తిరిగిన చప్పుడైంది. తర్వాత తెగిన చెప్పు పట్టీ టపటపలాడుతూ అడుగులు వెళ్ళిపోయాయి. ఆ రాత్రి గాలికి తలుపు కొట్టుకోలేదు.

రెండు రోజులాగి మళ్ళీ వచ్చింది. పేపరు చదివిపెట్టనా అని అడిగి, నెమ్మదిగా, ఒక్క ముక్క వదలకుండా చదివింది. అప్పట్నుంచి సోమ, బుధ, శుక్రవారాలు నాలుగున్నరకల్లా వచ్చేది. అర్థం కానిచోట ఆగి అడిగేది, అర్థమైనచోట పోట్లాడేది. మాస్టారు వారానికో ఉత్తరం పేపరు సంపాదకుడికి టైపు చేసేవాడు. మునిసిపాలిటీ మీద, సినిమా హాలు మీద, కొత్త బస్టాండులో గడియారం మీద. దాన్ని ఆ పిల్ల చదివి, “ఈ లైన్లో రెండు తప్పులు, మాస్టారూ,” అనేది. ముప్ఫై ఏళ్ళుగా ఆయనతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఒళ్ళు మండేది, మళ్ళీ కొట్టేవాడు. రిబ్బను తిప్పి ఎక్కించడం, మిషనుకి నూనె వెయ్యడం కూడా ఆ పిల్లే నేర్చుకుంది.

స్టాంపు మాత్రం ఎప్పుడూ అడగలేదు. మొదట్లో ఆయన, ‘తెలివైన పిల్ల, ఏడాది చివర అన్నీ ఒకేసారి వేయించుకుంటుంది,’ అనుకున్నాడు. తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు.

వార్షికోత్సవానికి ముందు రోజు, గురువారం మధ్యాహ్నం, ఛైర్మన్ గారమ్మాయి నలుగురు స్నేహితుల్ని వేసుకుని దిగింది. స్కూలు కమిటీ ఛైర్మన్ గారి రెండో కూతురు ఆ అమ్మాయి. నూట పన్నెండు గంటల సేవతో స్కూలు మొత్తానికి మొదటి స్థానంలో ఉంది. చెడ్డపిల్లేమీ కాదు. గొంతు బాగుంటుంది, వక్తృత్వ పోటీల్లో అన్ని కప్పులూ ఆమెవే. ఆల్బంలో ఒక ఫోటో తక్కువైందిట.

“తాతగారూ, మీ మిషను శుభ్రం చేస్తాం,” అంది.

“అది శుభ్రంగానే ఉందమ్మా.”

“ఒక్క నిమిషం, తాతగారూ. మీరు ఇటు తిరిగి నవ్వండి.”

ఎవరో గుడ్డతో మిషను మీద రుద్దారు. టక్కుమని ఏదో కదిలింది.

“ఏం కదిలించారు?” అని ఆయన గట్టిగా అరిచాడు.

“ఏం లేదు తాతగారూ, దుమ్ము!” అన్నారు. దుమ్ము టక్కుమంటుందా? కానీ అప్పటికే ఫోటో అయిపోయింది, వాళ్ళూ వెళ్ళిపోయారు. ఆల్బం పేజీ మీద స్టాంపు వేయించుకోవడం మాత్రం మర్చిపోలేదు.

ఆ సాయంత్రం చెల్లెలు పోస్టాఫీసు నుంచి వచ్చి చెప్పులు విసురుగా విడిచింది. ఆ విసురు ఆయనకి అలవాటే.

“అన్నయ్యా, నీ పేపరు పిల్లకి సీటు లేదట తెలుసా?”

“ఏ సీటు?”

“హాస్టలు కాలేజీలో సైన్సు సీటు. ప్రతి స్కూలు నుంచీ ఇద్దర్ని సిఫార్సు చేస్తారు కదా, ఫీజు లేకుండా. ఈ పిల్లవి స్కూల్లో ఫస్టు మార్కులు. కానీ జాబితాలో పేరు లేదు. వాళ్ళ నాన్న ఈ పిల్ల కోసం ఎక్కడో కుట్టు శిక్షణకి అప్లికేషను రిజిస్టరు చెయ్యడానికి నా కౌంటరుకొచ్చాడు. అతనే చెప్పాడు.”

“మార్కులుంటే ఎందుకివ్వరు?”

“సేవ చెయ్యలేదట,” అంది చెల్లెలు. “కార్డు ఖాళీట. ఒక్క స్టాంపు లేదట.”

మొదటిరోజు తను అన్న ముక్క, ఏడాది క్రితం గాలికి వదిలేసిన ముక్క, ఇప్పుడు తిరిగొచ్చి చెవిలో పడింది. ‘నువ్వూ స్టాంపు కోసమేనా?’ ఆ మాట పడలేకే ఆ పిల్ల ఇక జన్మలో అడగలేదు. ఏ విలువా లేదని ఊరందరికీ పంచిపెట్టిన స్టాంపు, నిజంగా పనిచేసిన ఒక్క పిల్లకి అందకుండా చేసిన ఘనుడు తనే.

“కార్డు తెమ్మను. ఇప్పుడే వేస్తాను, నూరు వేస్తాను!”

“కార్డులు పోయినవారమే ఇచ్చేశారు. హెడ్మాస్టరు బీరువాలో ఉన్నాయి. రేపు సభకి విద్యాధికారి వస్తుంది. సేవా షీల్డు ఇచ్చేసి, జాబితా పట్టుకుని పోతుంది. అంతే, అయిపోయింది.”

“రేపు నన్నూ పిలిచారు కదా వేదిక మీదికి.”

“నాలుగు ముక్కలు థాంక్స్ చెప్పమని పిలిచారు.”

“చెబుతాను,” అన్నాడు మాస్టారు. “ఉండు, బ్రహ్మాండంగా చెబుతాను.”

శుక్రవారం పొద్దున చెల్లెలు ఆఫీసుకి వెళ్ళాక మిషను ముందు కూర్చున్నాడు. కాగితం ఎక్కించి, అంచు వేళ్ళతో సరిచూసుకుని, మొదలుపెట్టాడు. రెండు గంటలు కొట్టాడు. ఒక్కో వాక్యం లోపల్లోపల చెప్పుకుని, తప్పు లేదని నమ్మకం కుదిరాకే మీటల మీద చెయ్యి వేశాడు. కోపంలో చెయ్యి ఇంకా బలంగా పడింది. అయిపోయాక అడుగున పెన్నుతో సంతకం పెట్టి, మడిచి, కవర్లో పెట్టాడు. చదివి తప్పులు చెప్పే పిల్ల పక్కన లేదు. ఆ పిల్లకి చూపించకూడని ఉత్తరం అదొక్కటే.

రెండున్నరకి స్కూలు అటెండరు వచ్చి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. ఏడాది మొత్తంలో ఆయన నిజంగా పని ఉండి దాటింది ఆ ఒక్కసారే. తీసుకెళ్ళి హెడ్మాస్టరు గదిలో కూర్చోబెట్టాడు.

“రండి రండి మాస్టారూ! మీరు లేకపోతే సభే లేదు,” అన్నాడు హెడ్మాస్టరు. ఆయన గొంతు ఎప్పుడూ మైకు ముందున్నట్టే ఉంటుంది. “ఆ కవరేమిటి?”

“అధికారి గారికి ఉత్తరం. నేనే టైపు చేశాను. సభలో చదవాలి.”

కవరు మాస్టారి చేతిలోంచి కదిలింది. కాగితం విప్పిన చప్పుడైంది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మాస్టారు తిట్లకి సిద్ధంగా, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఇవ్వనంటే వేదికెక్కి నోటితోనే చెప్పాలని ముందే అనుకుని వచ్చాడు.

“అర్థమైంది మాస్టారూ,” అన్నాడు హెడ్మాస్టరు, అదోలా మెత్తగా. “పూర్తిగా అర్థమైంది. ఇది నేనే చదువుతాను. మీరు చెప్పాలనుకున్నదంతా నేను చెబుతాను, సరేనా?”

మాస్టారు ఆశ్చర్యపోయాడు. తన స్కూలుని, తనని, తన గోడని, అన్నిటినీ కడిగి పారేసిన ఉత్తరం చదివి, నేనే చదువుతానంటాడా మనిషి! ఇంతకాలం ఈయన్ని తక్కువ అంచనా వేశానేమో, అనుకున్నాడు. ఏడాదిగా చెల్లెలి దగ్గర ఆయన మీద వేసిన జోకులన్నీ గుర్తొచ్చి కొంచెం ఇబ్బంది పడ్డాడు. చొక్కా మీద పెట్టిన సంతకం సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ పశ్చాత్తాపం అరగంట నిలిచింది.

హాలు నిండా పిల్లలు, వెనక పెద్దలు, ఫ్యాన్ల రొద. మాస్టారికి వేదిక మీద అధికారి పక్క కుర్చీ వేశారు. ఛైర్మన్ గారమ్మాయి ఆయన మోచెయ్యి పట్టుకుని వెనకే నిలబడింది, అది కూడా కార్యక్రమంలో రాసి ఉంది. అధికారి నడివయసావిడ. ఎంతసేపూ చేతిగాజు జరిపి టైము చూసుకోవడం, నీళ్ళసీసా మూత తిప్పడం వినిపిస్తూనే ఉంది. ఆ రోజు ఆవిడకి ఇంకా రెండు స్కూళ్ళున్నాయి.

“ఇప్పుడు,” అన్నాడు హెడ్మాస్టరు మైకులో, “మన స్కూలు దత్తత తీసుకున్న టైపు మాస్టారు, కళ్ళు లేకపోయినా స్వయంగా రాసి ఇచ్చిన కృతజ్ఞతా పత్రం చదువుతాను.”

కృతజ్ఞతా పత్రం అన్నప్పుడే మాస్టారికి తేడా కొట్టింది.

“‘ఈ పిల్లలే నా కళ్ళు,’” అని చదివాడు హెడ్మాస్టరు.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. అలాంటి వాక్యం కొట్టే ముందు తన వేళ్ళు తనే విరగ్గొట్టుకునేవాడు.

“‘ఈ స్కూలు లేకపోతే నా బతుకు చీకటి. హెడ్మాస్టరు గారి చల్లని నీడలో నేను మళ్ళీ లోకాన్ని చూస్తున్నాను. ముఖ్యంగా ఛైర్మన్ గారమ్మాయి నాకు సొంత మనవరాలి కంటే ఎక్కువ. ఆమె నూట పన్నెండు గంటల సేవని నేను ఈ జన్మలో...’”

“ఆపండి!” అని మాస్టారు లేచాడు. “అది నేను రాసింది కాదు!”

హెడ్మాస్టరు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి ఆయన చెవి దగ్గరికి వంగాడు. “కూర్చోండి మాస్టారూ. మీరు రాసిందేమీ లేదు. ఇది తెల్లకాగితం. అడుగున మీ సంతకం ఒక్కటే ఉంది. పెద్దవాళ్ళు, నలుగురిలో పరువు పోతుందని నేనే నాలుగు మంచి మాటలు కలిపి చదువుతున్నాను. నా మీదే అరుస్తారేం?”

తెల్లకాగితం! రెండు గంటలు కూర్చుని, అన్ని మీటలు కొట్టి, తెల్లకాగితమా? ఈ మనిషి అబద్ధాలకోరే గానీ ఈ మాటలో అబద్ధం లేదు. జాలి పడుతున్నాడు. జాలి గొంతు ఆయనకి ఏడాదిగా బాగా అలవాటు.

“ఏం జరుగుతోందక్కడ?” అంది అధికారి.

“ఏం లేదు మేడమ్. పెద్దాయన ఆనందం పట్టలేక...”

“ఆ కాగితం ఇలా ఇవ్వండి.” ఆవిడ తీసుకుంది. ఒకసారి తిప్పింది, మళ్ళీ తిప్పింది. “ఇందులో సంతకం తప్ప ఏమీ లేదే! మీరు ఇంతసేపూ ఏం చదివారు?”

ముందు వరసల్లో పిల్లలు కిసుక్కుమన్నారు. ఛైర్మన్ గారు ఎక్కడో గొంతు సవరించుకున్నారు.

“ఒక్కసారి నాకివ్వండమ్మా,” అన్నాడు మాస్టారు.

కాగితం చేతికి రాగానే వెనక్కి తిప్పి వేలు పెట్టి తడిమాడు. మొదటి వాక్యం చివర చిన్న చిల్లి. ఫుల్‌స్టాపు. ఇంకొంచెం కిందికి మరొకటి, ఆ కింద మరొకటి. అన్నీ ఉన్నాయి. ఆయన చెయ్యి ఎక్కడికీ పోలేదు. అప్పుడు నిన్నటి టక్కు చప్పుడు బుర్రలో వెలిగింది. మిషను పక్కన చిన్న మీట ఒకటుంటుంది. నల్లచుక్క మీద ఉంటే నల్లగా, ఎర్రచుక్క మీద ఉంటే ఎర్రగా పడుతుంది. తెల్లచుక్క మీద పెడితే రిబ్బను పైకి లేవదు, ఉత్త అచ్చే కాగితానికి కొట్టుకుంటుంది. వెనకటి రోజుల్లో నకళ్ళు తీసే స్టెన్సిలు కాగితాలు కొయ్యడానికి అలా పెట్టుకునేవాళ్ళు. ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ ఇది రెండో రోజు పాఠం. మిషను ‘శుభ్రం’ చేసినవాళ్ళు దాన్ని తెల్లచుక్క మీదికి జరిపారు. సిరా పడలేదు గానీ అక్షరాలు కాగితంలో దిగబడే ఉన్నాయి.

“ఉంది మేడమ్,” అన్నాడు మాస్టారు, మైకు అక్కర్లేనంత గట్టిగా. “నిండా ఉంది. నాకో పెన్సిలు కావాలి.”

నాలుగు వందలమంది పిల్లలున్న హాల్లో పెన్సిలుకేం కరువు? ముందు వరసలోంచి అరడజను లేచాయి. ఒకటి తీసుకుని, కాగితంతో పాటు వెనక ఉన్న ఛైర్మన్ గారమ్మాయి చేతిలో పెట్టాడు.

“పెన్సిలు పడుకోబెట్టి, సంతకం ఉన్న వైపు కాగితమంతా మెత్తగా రుద్దమ్మా. నొక్కకు.”

పెన్సిలు సరసరలాడింది. “అయ్యో! వస్తున్నాయి తాతగారూ, తెల్లగా అక్షరాలు వస్తున్నాయి,” అంది ఆ పిల్ల. ఏడాదిలో మొదటిసారి ఆమె గొంతులో ఫోటో లేదు.

“చదువు.”

“ఇలా ఇవ్వమ్మా, నేను...” అన్నాడు హెడ్మాస్టరు.

“మీరు ఒకసారి చదివారుగా,” అంది అధికారి. “ఆ అమ్మాయిని చదవనివ్వండి.”

వక్తృత్వంలో కప్పులన్నీ గెలిచిన గొంతు అది. మైకు దగ్గరికి లాక్కుని మొదలుపెట్టింది.

“‘అధికారి గారికి. ఈ ఏడాది ఈ స్కూలు పిల్లల కార్డుల మీద నేను ఎన్ని స్టాంపులు వేశానో నాకే తెలియదు. చెయ్యి చాపినవాళ్ళందరికీ వేశాను. అబద్ధమని తెలిసే వేశాను. నవ్వుకోవడానికి వేశాను. నూట పన్నెండు గంటల అమ్మాయి నాకు చేసిన సేవ మొత్తం కలిపితే...’” అక్కడ గొంతు ఒక్క క్షణం తడబడింది. వదిలేసి కింది లైనుకి పోవచ్చు, ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ పిల్ల వదల్లేదు. “‘మొత్తం కలిపితే ఒక గంట ఉంటుందేమో. అదీ ఆమె బిస్కెట్లు తెచ్చిన రోజున.

“‘తాళాలాయన కూతురు వారానికి మూడు రోజులు వచ్చింది. పేపరు చదివింది, నా తప్పులు దిద్దింది, గొళ్ళెం బిగించింది. పరీక్షల వారంలోనూ మానలేదు. లెక్క కడితే నూట యాభై గంటల పైమాటే. ఆ పిల్ల కార్డు ఖాళీగా ఉండటానికి కారణం నేను. మొదటిరోజు గుమ్మంలోనే, నువ్వూ స్టాంపు కోసమేనా అని అవమానించాను. ఆ మాట ఆ పిల్ల మర్చిపోలేదు. నేను మర్చిపోయాను. ఈ స్కూల్లో సేవ చెయ్యని పిల్ల ఎవరన్నా ఉంటే ఉండొచ్చు గానీ, ఆ పిల్ల మాత్రం కాదు. చేయించుకున్నవాణ్ణి చెబుతున్నాను.’” ఆగి, చిన్నగా అంది, “కింద సంతకం.”

వెనక వరసలో బెంచీ కిర్రుమంది. తెగిన చెప్పు పట్టీ టపటపలాడుతూ ఎవరో హాలు దాటి బయటికి పోయారు.

“ఆ అమ్మాయి మార్కులెన్ని?” అంది అధికారి.

“మార్కులకేం, ఫస్టే మేడమ్. కాకపోతే నిబంధన ప్రకారం...”

“జాబితా ఇవ్వండి.”

ఆవిడకి న్యాయం మీద అంత ప్రేమ పొంగుకొచ్చిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఇంకా రెండు స్కూళ్ళున్నాయి, టైము మించిపోతోంది. జాబితా మీద పెన్ను గరగరలాడింది. రెండో పేరు కొట్టేసి తాళాలాయన కూతురి పేరు రాసింది. కొట్టేసిన పేరు ఛైర్మన్ గారమ్మాయిది. వాళ్ళకి ఫీజు కట్టే దారి ఉంది, ఆవిడ ఆ మాట పైకే అంది. షీల్డు మాత్రం స్కూలుకే ఇచ్చింది. దాని మీద స్కూలు పేరు ముందే చెక్కించేశారు మరి, వెనక్కి పట్టుకెళ్ళి ఏం చేసుకుంటుంది? హెడ్మాస్టరు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఫోటో కూడా తీశారు.

సోమవారం మాస్టారు మూడింటికే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల వచ్చి ఏమంటుందో, తను ఏమనాలో అన్నీ అనుకుని పెట్టుకున్నాడు. ‘ఇందులో నేను చేసిందేముందమ్మా,’ అనాలి. మరీ మొహమాటపడితే తలమీద చెయ్యి వెయ్యాలి. ‘బాగా చదువుకో,’ అనాలి.

నాలుగున్నరకి చెప్పుల చప్పుడైంది. ఆ పిల్ల నేరుగా మిషను దగ్గరికి వెళ్ళింది.

“తెల్లచుక్క మీదే ఉంచేశారేం మాస్టారూ?” అంది. టక్కుమంది. “నల్లచుక్క మీద పెట్టాను.” తర్వాత కుర్చీ జరుపుకుని, పేపరు విప్పి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. రెండు వార్తలయ్యాయి. మూడోది కూడా అయ్యింది.

మాస్టారికి ఓపిక చచ్చింది. “ఏమ్మా, నాతో ఏం చెప్పాలని లేదా?”

“దేని గురించి?”

“సీటు వచ్చిందటగా.”

“అవునండీ. మా నాన్న చాలా సంతోషించాడు.” పేపరు మడత సర్దింది. కోపం లేకుండానే, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “నా గంటలు నాకే రాశారు కదా మాస్టారూ. దానికి మీకు థాంక్స్ చెప్పాలంటారా?”

గీసుకున్న గడ్డం, ఉతికిన చొక్కా, మెదడులో వరసగా పేర్చుకున్న మాటలు, అన్నీ ఒక్కసారి ఆయనకి కనబడ్డాయి. థాంక్స్ వినడం కోసం మూడింటి నుంచి కుర్చీలో కూర్చున్నాడు. హెడ్మాస్టరుకి తనకంటే ఓ మైకు ఎక్కువ, అంతే తేడా. ఏడాదిగా ఎవరిని చూసి నవ్వుకున్నాడో వాళ్ళ పక్కన తనకో కుర్చీ వేసుకున్నాడు. ఆ పిల్లకి మాత్రం ఏడాదిలో ఒక్కసారన్నా ఒక మంచి మాట అన్న గుర్తు లేదు.

“అక్కర్లేదు,” అన్నాడు. తర్వాత, బరువు దించుకున్నట్టు, “నేనే చెప్పాలి. థాంక్సమ్మా,” అన్నాడు.

“దేనికండీ?”

“గొళ్ళేనికి.”

“అది ఎప్పటిదో కదా మాస్టారూ.”

“అవును. ఆలస్యమైంది.”

ఆ పిల్ల కాసేపు కుర్చీలో కదిలింది. తర్వాత పేపరు తిప్పి, ఆపిన చోటు వెతుక్కుని, బస్టాండు గడియారం ఇంకా బాగుచెయ్యలేదన్న వార్త చదవడం మొదలుపెట్టింది.